నా పేరున ఒక డ్యామ్

నాకు ఆస్తేముందని ఎవరైనా అడిగితే రెండు ఇత్తడి బిందెలు, ఒక డ్యామ్ అని చెప్తాను. బిందెల మాట నమ్ముతారు. డ్యామ్ అనగానే మా అమ్మాయి వైపు తిరిగి, పెద్దావిడకి మతి సరిగానే ఉందా అన్నట్టు చూస్తారు. మతి సరిగానే ఉంది. కాగితం చేతిలో లేదు కాబట్టి ఇన్నాళ్ళూ వాదించలేదు, అంతే. ఈమధ్య ఆ కాగితం దానంతట అదే మోటారు సైకిలెక్కి భిలాయిలో సుపేలాలో మా అమ్మాయి ఇంటికి వచ్చింది.

తెచ్చినవాడు సన్నీ. సెక్టర్ ఆరులో మా క్వార్టర్‌కి ఎదురుగా ఉండే కూర్మారావు గారి మనవడు. వాడి అసలు పేరు కూడా తాత పేరే కానీ, ఆ పేరుతో పిలిస్తే వాడు వెనక్కి తిరగడు. తెలుగు వాడి నోట్లో దూరపు చుట్టంలా ఉంటుంది. వస్తుంది, కాసేపు కూర్చుంటుంది, మర్యాదగా వెళ్ళిపోతుంది.

"నమస్తే మామ్మా. తబియత్ ఠీక్ హై?"

"నా తబియత్‌కేటి గానీ, నువ్వేటిలా ఎండిపోనావు? కూకో. అంబలి తాగుతావా?"

"నహీ నహీ మామ్మా. ఒక్క సంతకం చాహియే." సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. "తాతగారి పెట్టెలో దొరికింది. చరోదా అవతల మనోళ్ళు కట్టిన డ్యామ్ లేదూ, ఆ జమీన్ మీ నామ్ మీద ఉంది. మేం దోస్తులందరం కలిసి మళ్ళీ కడతాం. బోటింగ్, స్విమ్మింగ్, పిల్లలకి ఝూలా. బయటోళ్ళు ఉండరు, ఓన్లీ ఫ్యామిలీస్. ఇదుగో, మళ్ళీ కట్టడానికి మీకు ఇష్టమేనని కొత్త కాగితం. సంతకం రాకపోతే పరవాలేదు, అంగూఠా చలేగా." అంటూ జేబులోంచి సిరా డబ్బీ తీసి, మూత విప్పి, నా ఒళ్ళోకి జరిపాడు. తాతకి తగ్గ మనవడు. ముందే సిద్ధమై వచ్చాడు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. పక్క క్వార్టర్లో ఉండే రిటైరైన టీచరమ్మ సాయంత్రాలు వరండా గచ్చు మీద సుద్దముక్కతో రాసి దిద్దించింది. తెలుగు పట్టుబడడానికి ఒక చలికాలం, ఒక ఎండాకాలం పట్టాయి. హిందీ మాత్రం ఎవరూ నేర్పలేదు, సుపేలా బజారు బోర్డులే నేర్పాయి. ఆటోలో కూర్చుని చెప్పుల కొట్టు, మందుల కొట్టు, పళ్ళ డాక్టరు, అన్నిటినీ బిగ్గరగా చదువుకుంటూ పోతుంటే ఆటోవాడు "మాతాజీ, ఆప్ కో ఉతర్నా కహా హై?" అని విసుక్కునేవాడు. బోర్డులు అయిపోయినచోట దింపు నాయనా అనేదాన్ని. అలాంటిదాని ముందు సిరా డబ్బీ పెట్టాడు వీడు.

"డబ్బీ మూసీ. కాయితం రెండూ ఉంచి ఎల్లు. సదివి సెప్తాను," అన్నాను.

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఇక వాడు కాగితాలు ఉంచి వెళ్ళాడు. ఆ పాత కాగితం నిండా నీలం సిరాతో హిందీ రాత, కింద ఎడమ మూల నా బొటనవేలి ముద్ర. పడుచు వేలు. గీతలు ఎంత స్పష్టంగా ఉన్నాయో! అందులో ఏం రాసి ఉందో చెప్పేముందు అది ఎలా పుట్టిందో చెప్పాలి.

నేను భిలాయి వచ్చేటప్పటికి నాకు పద్దెనిమిది నిండాయి. మా ఆయన మా అమ్మ తమ్ముడే, అందుకని మావా అని పిలిచేదాన్ని. వంశధార పక్క పల్లెలో చోడి చేలు, మడిగట్లు తప్ప ఇంకేమీ ఎరగనిదాన్ని తీసుకొచ్చి రెండు గదుల కంపెనీ క్వార్టర్లో నిలబెట్టాడు. ఆ ఇంట్లో అన్నిటికంటే ముందు లేచేది నేను కాదు, ఉక్కు ప్లాంటు సైరను. ఏ-షిఫ్టు రోజుల్లో తెల్లవారకముందే పొయ్యి వెలిగించి అంబలి కాచి, ఉల్లిపాయ చితక్కొట్టి, డబ్బా కట్టి ఇస్తే, వీధిలో సైకిళ్ళు చీమల బారులా కదిలేవి. గంటలు మోగించుకుంటూ శ్రీకాకుళం, విజయనగరం, వాటి వెనక పంజాబు, వాటి వెనక బెంగాలు. మధ్యాహ్నం మావ తిరిగొస్తే బట్టలు కాలిన నూనె వాసన, వేడి ఇనుము వాసన. సబ్బు ఎంత రుద్దినా ఆ వాసన పోయేది కాదు. నేను ఎండుచేపలు వేయించిన రోజున మాత్రం ఓడిపోయేది. అప్పుడు పక్కింటి భాభీ కిటికీ టప్పున మూసేది. అలా మా ఇంట్లో గాలి ఏదో ఒక పక్షం వహించే ఉండేది.

కూర్మారావు గారు వెల్డింగు షాపులో ఫోర్‌మను. మావ ఆయన్ని బావా అనేవాడు కాబట్టి నాకు అన్నయ్యగారు అయ్యారు. మంచి మనిషే. ఒక్కటే రోగం, ఇనుము కనబడితే తాళంచెవుల గుత్తితో కొట్టి, చెవి దగ్గర పెట్టి వినాలి. మా ఇంటికి వస్తే గుమ్మం చువ్వ కొట్టేవారు, మంచం కోడు కొట్టేవారు, ఒకసారి పొయ్యి మీద ఉడుకుతున్న పప్పుగిన్నె కూడా కొట్టారు. 'మంచి మాలు,' అనో, 'లోపల పగులుంది,' అనో తీర్పు చెప్పేవారు. మోగనిదాన్ని ఆయన లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

భిలాయి ఎండ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. మా మగాళ్ళందరూ ఏటి పక్కనో సముద్రం పక్కనో పుట్టినవాళ్ళు. ఈత వాళ్ళకి నడకలాంటిది. ఇక్కడ మునగడానికి మోకాలి లోతు నీళ్ళు లేవు. కార్తీకమాసంలో వనభోజనాలకి వెళ్తే వనం ఉంది, భోజనం ఉంది, స్నానానికి మాత్రం బకెట్టు. అలాంటి ఒక వనభోజనంలో కూర్మారావు గారు పులిహోర తింటూ, "ఇంత పెద్ద కొలిమి నడిపించేవోలం, ఒక గెడ్డకి అడ్డం కట్టలేమేట్రా?" అన్నారు. అంతే. పన్నెండు కుటుంబాలు చేరాయి. చరోదా దాటాక, రైల్వే యార్డు కూడా వెనకబడిపోయాక, రెండు మిట్టల మధ్య వానాకాలం పారే నాలా ఒకటి దొరికింది. పంట పండని ఎర్రరాతి నేల. దాని కింద నాలుగు గుడిసెల పల్లె. ఆ నేల ఊరి పెద్ద రైతుది. అలాంటివాణ్ణి అక్కడ దావు అంటారు.

ఆ నేల ఇవ్వడానికి దావు బేరం ఆడలేదు. నులక మంచం మీద కూర్చుని పన్నెండుమందినీ ఎగాదిగా చూసి, "బాంధా బనావ్. ఫేర్ మోలా ఏక్ నామ్ చాహీ. మోర్ ఖేత్ బూడ్హీ త మై కోన్ ల ధర్హూ?" అన్నాడు. కట్టుకోండి, కానీ నాకు ఒక్క పేరు కావాలి, రేపు నా పొలం మునిగితే నేను ఎవరి పీక పట్టుకోవాలి, అని.

దారి పొడవునా సైకిళ్ళ మీద 'మా డ్యామ్, నా డ్యామ్' అంటూ వచ్చిన పన్నెండుమందికీ ఒక్కసారిగా దాహం వేసింది. ఒకాయన నీళ్ళ కోసం లేచాడు, ఇంకొకాయన చెప్పులోంచి రాయి తీసుకుంటున్నాడు. చివరికి మావే అందించాడు, "నౌకరీ ఉన్నోడి పేరున ఇలాటివి ఉంటే సంజాయిషీ అడుగుతారంట బావా." అడుగుతారో లేదో ఎవరికీ తెలియదు. కనుక్కుందామని కూడా ఎవరూ అనలేదు. అంతా హాయిగా తలలూపారు.

అప్పుడు కూర్మారావు గారి చూపు ఇప్పచెట్టు కింద కూర్చున్న మా ఆడవాళ్ళ వైపు తిరిగింది. ముందు సొంత భార్య మీద ఆగింది. ఆవిడ అక్కణ్ణించే, "నా పేరెత్తితే ఊరుకోను. నాను అయిదు సదివినాను," అంది. చదివినవాళ్ళతో అదే చిక్కు. ఆ చూపు ఒక్కొక్కరినీ దాటుకుంటూ నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"పైడమ్మా, ఇలా రా. సెయ్యియ్యి."

"ఏటిది అన్నయ్యగారూ?"

"ఏటీ లేదు. ఇయాలనించి ఈ డ్యామ్‌కి సొంతదారువి, మాలకిన్‌వి. ఎంత అదృష్టం సూడు."

ఎడమ బొటనవేలు పట్టుకుని కాగితం మీద అద్దారు. వేలికి మిగిలిన సిరా తలకి రాసుకున్నాను. మా ఊళ్ళో వేలిముద్ర వేసేవాళ్ళందరూ అంతే, తలకంటే దగ్గర్లో గుడ్డ ఏముంటుంది. మిగతా ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నాకు నిజంగానే గర్వంగా ఉంది, మా వంశంలో ఎవరి పేరునా అంత పెద్ద గుంట లేదు.

ఇక కట్టడం. గేటు చెయ్యడానికి మూడు నెలలు, గట్టు వెయ్యడానికి మూడు ఆదివారాలు పట్టాయి. దాన్నిబట్టే మీకు అర్థమై ఉండాలి. సుపేలాలో పాత ఇనుము కొట్లో రేకులు కొని, సెలవు రోజుల్లో అతుకు మీద అతుకు వేసి, ఒక్క నీటిచుక్క జారని తలుపు తయారుచేశారు. రాజుగారి కోటకి పెట్టొచ్చు. కూర్మారావు గారు దాన్ని కొట్టి విన్నప్పుడల్లా ఆయన కళ్ళు మూతపడేవి. గట్టు సంగతి అడిగితే, "మట్టేగదా," అనేవారు. మొరం ట్రాలీలతో తెచ్చి పోయించారు. ఎర్రగా, పొడిగా, పంచదారలా జారిపోయే మొరం.

నేను ఉండబట్టలేక, "అన్నయ్యగారూ, గట్టంటే అలా పోసీడం కాదు. పొరపొరకీ నీలు సల్లి తొక్కాల. లోన బంకమట్టి పెట్టాల. నిండితే నీలు పొర్లిపోడానికి పక్కన అలుగు ఉండాల," అన్నాను.

"గేటుందిగదమ్మా."

"గేటు ఎవులో ఒకలు తియ్యాల. అలుక్కి మనిసక్కర్లేదు."

"ఒరే," అని మావ వైపు తిరిగారు, "నీ ఆవిడ మన షాపుకి రావలసింది, పొరపాటున వంటింట్లోకి ఎల్లిపోనాది!" పన్నెండుమందీ విరగబడి నవ్వారు. మావ కూడా. అంబలి కాచేటప్పుడు ఆ సాయంత్రం ఉప్పు వెయ్యడం మరిచిపోయాను, కావాలనే.

వాన పడింది, నీళ్ళు నిలబడ్డాయి. అబద్ధమెందుకు, అంత సంతోషం మళ్ళీ చూడలేదు. ఆదివారం వస్తే పన్నెండు కుటుంబాలూ సైకిళ్ళ మీద గిన్నెలు కట్టుకుని వెళ్ళేవి. నల్లగా మెరిసే నీళ్ళల్లో మా మగాళ్ళు, పుట్టిన ఊరు కొన్ని గంటలకి తిరిగి దొరికినట్టు, గేదెల్లా పడుండేవారు. కానీ వాళ్ళు ప్లాంటు మనుషులు. నియమం లేకుండా నీళ్ళల్లోకి దిగడం వాళ్ళకి చేతకాదు. కూర్మారావు గారు గట్టు మీద బోర్డు పాతారు, విజిలు తెచ్చారు, టోకెన్లు పెట్టారు. టోకెనంటే రేకు బిళ్ళ, దాని మీద అంకె. నీళ్ళల్లోకి దిగేవాడు బిళ్ళని మేకుకి తగిలించాలి, పైకొచ్చినవాడు తీసుకోవాలి. మేకు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి లోపలున్నాడని.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేకు మీద నాలుగో నెంబరు మిగిలింది. నాలుగో నెంబరు మావది. విజిలు ఊదారు, పేరు పెట్టి అరిచారు, పదకొండుమందీ దూకారు. అడుగంతా తడిమారు, ఎవరో కాలు దొరికిందని లాగితే అది కూర్మారావు గారిదే. నేను గట్టు మీద కూలబడి గుండెలు బాదుకుంటున్నాను. నా డ్యామ్‌లో నా మొగుడే పోయాడని ఏడవాలో, నా పేరున కేసు అవుతుందని ఏడవాలో తెలియక రెండూ కలిపి ఏడుస్తున్నాను. అంతలో సైకిలు దిగి గట్టెక్కి, నూనె కారుతున్న పొట్లంతో మావ. "వంట ఆలీసం అవుతాదని సమోసాలకి ఎల్లినాను. ఏటైంది, ఎవులు పోనారు?" బిళ్ళ తీసుకోవడం మరిచిపోయాడు, అంతే. ఏడుపు ఆపి మొదట నేను విసిరింది గరిటె. తరువాత పదకొండుమందీ సమోసాలు తిన్నారు. కూర్మారావు గారు రిజిస్టర్లో ఏదో రాసుకున్నారు.

ఆ రిజిస్టరు ఒకటి ఉండేది. మగాళ్ళు వంతులవారీగా వెళ్ళి చూసి, 'గట్టు బాగుంది, గేటు బాగుంది' అని రాసి సంతకం పెట్టాలి. కొన్నాళ్ళకి వెళ్ళడం మానేసి రాయడం మాత్రం చేశారు. రిజిస్టరు కూర్మారావు గారి వరండాలో ఉండేది, గట్టు చరోదా అవతల ఉండేది. ఏది దగ్గరో మీరే చెప్పండి.

ఆ గట్టు కింద నాలుగు గుడిసెల్లో ఒకటి సుక్వారో బాయిది. తెల్లవారి రైలు పట్టాల వెంట నడిచొచ్చి మా సెక్టర్లో ఇంటింటికీ లాల్ భాజీ, అంటే ఎర్ర తోటకూర, అమ్మేది. నాకంటే పదేళ్ళు పెద్దది, చెవులకి ఇంతేసి కమ్మలు, నోట్లో ఎప్పుడూ ఏదో నమలడం. నా పేరు పలకలేక, డ్యామ్ సంగతి తెలిశాక, మాలకిన్ అనేది. మిగతావాళ్ళు అదే మాట వేళాకోళంగా అనేవారు. ఆమె ఒక్కతే మామూలుగా అనేది. ఒకసారి నన్ను అడిగింది, "మాలకిన్, పానీ ల రద్దా దే హస్?" అని. నీళ్ళకి దారి ఇచ్చావా, అని. ఇవ్వలేదని చెప్పడానికి సిగ్గేసింది.

రెండో ఏడు శ్రావణం. నాలుగు రోజులు ఆగకుండా ముసురు. అయిదోరోజు మధ్యాహ్నం సుక్వారో బాయి గంప లేకుండా వచ్చింది. ఆమెని గంప లేకుండా చూడడం అదే మొదలు. గుమ్మంలో నిలబడి, "మాలకిన్, తోర్ బాంధా రోవత్ హే," అంది. నీ గట్టు ఏడుస్తోంది, అని.

"నీరు తేటగా ఉందా, ఎర్రగా ఉందా?" నా వచ్చీరాని హిందీలో అడిగాను.

"లాల్."

మా నాన్న చెప్పేవాడు, గట్టులోంచి తేట నీరు కారితే చెమట, మట్టి నీరు కారితే రక్తం. పొయ్యి మీద అన్నం దించేసి బయటికొచ్చేసరికి మావ ఏ-షిఫ్టు నుంచి వచ్చి సైకిలు స్టాండు వేస్తున్నాడు. "మావా, స్టాండెయ్యకు. బేగి పద. గట్టు పోతంది."

"ఎవులు సెప్పినారు? పొద్దున రిజిస్టర్లో బాగుందని రాసుందే!"

"రాసినోడెవుడు?"

మావ సైకిలు వెనక్కి తిప్పాడు. రాసినవాడు తనే. డ్యూటీకి పోతూ పోతూ కూర్మారావు గారి వరండాలో ఆగి రాశాడు.

నన్ను వెనక కూర్చోబెట్టుకుని తొక్కాడు. సుక్వారో బాయి చరోదా దాకా బస్సెక్కింది. మేం చేరేసరికి నీళ్ళు గట్టు అంచుకి జానెడు కిందున్నాయి. గేటు చుక్క జారకుండా నిలబడి ఉంది. దాని పక్కన మొరంలో మాత్రం పీతలు చేసిన కన్నాల్లోంచి ఎర్రటి నీళ్ళు చేతి లావున తన్నుకొస్తున్నాయి. కింద నాలుగు గుడిసెలు. ఒక గుడిసె ముందు ముసలాయన మేకలకి ఆకు వేస్తున్నాడు. ఆయనకి ఇవేమీ తెలియవు.

"గేటు తియ్యి," అన్నాను.

"తాళం ఉంది."

"తాళంచెవి?"

"బావ దగ్గర. ఆ గుత్తిలోనే. బావ బి-షిఫ్టు." అంటే చెవి ప్లాంటులో ఉంది, పది దాటేదాకా బయటికి రాదు. మావ తాళం పట్టుకుని ఊపాడు. అదీ మంచి మాలే. "పగలగొట్టు," అన్నాను. రాయి తీశాడు, ఎత్తాడు, ఆగాడు. "పర్మిట్టు లేకండా తాళం పగలగొడితే..." అన్నాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే ఆ కొలిమిలో చేరిన మనిషి, పర్మిట్టు లేకుండా మేకు కూడా పీకడు. తప్పు పట్టను. ఆ అలవాటే మావని ప్లాంటులో బతికించింది. కానీ ఇక్కడ నాలుగు కొంపలు మునగబోతున్నాయి.

అంతలో సుక్వారో బాయి వచ్చి గుడిసెలోంచి రాపా తెచ్చింది. వాళ్ళ పార. నేను గట్టు చివరికి పరుగెత్తాను. అక్కడ గట్టు ఎర్రరాతి మిట్టకి ఆనుకుంటుంది. రాయి కోసుకుపోదు, మిట్ట అవతల వంపు బీడు భూమిలోకి పోతుంది, పల్లెలోకి రాదు. మొదటి రోజే అలుగు పెట్టవలసిన చోటు అదే. చీర బిగించి నరకడం మొదలుపెట్టాను.

"ఒలే పైడీ! ఏటి సేత్తున్నావు? బావ ఏటంటాడు? కమిటీ ఏటంటాది?"

"మావా, ఈ డ్యామ్ మాలిక్కెవులు?"

వానలో నిలబడి ఆలోచించాడు. "నువ్వే," అన్నాడు.

"మరైతే తవ్వు."

తవ్వాడు. నిజం చెప్పాలి, మాలిక్ ఆర్డరు అందాక మావ తవ్వినట్టు ఎవరూ తవ్వలేరు. సుక్వారో బాయి మట్టి లాగేది, నేను రాళ్ళు తీసేదాన్ని. సందు చేతి వెడల్పయింది, మంచం వెడల్పయింది, ఇక మేం తవ్వనక్కర్లేదు, నీళ్ళే దారి వెడల్పు చేసుకుంటూ మిట్ట మీంచి బీట్లోకి దూకాయి. చీకటి పడకముందే మా డ్యామ్ బురదగుంట అయింది. నీళ్ళు పోయిన అడుగున ఒక విజిలు దొరికింది, రెండు టోకెన్లు, ఎవరిదో పళ్ళ సెట్టు. గేటు పక్క గట్టు మెత్తగా, కూర్చుండిపోయినట్టు కూలింది. అప్పటికి దాని వెనక నీళ్ళు లేవు. గేటు మాత్రం అలాగే నిలబడింది, తాళంతో సహా. కింద ముసలాయన మేకల్ని లోపలికి తోలుకుంటున్నాడు.

ఆదివారం కమిటీ కూర్చుంది. కూర్మారావు గారి ముఖం కొలిమిలో పెట్టి తీసినట్టుంది. "అడక్కండా, సెప్పకండా, పన్నెండు ఇళ్ళోలు కట్టుకున్న దాన్ని కొట్టీసినావు. సంజాయిషీ రాసివ్వు," అన్నారు.

"రాయడం రాదు అన్నయ్యగారూ. మీరు రాయండి, ఏలు నాను ఏస్తాను. ఎనకటిలాగే."

ఎవరూ కలం తియ్యలేదు. మావ నేల చూస్తూ, "రిజిస్టర్లో ఆ రోజు బాగుందని రాసింది నానే బావా," అన్నాడు. అయినా కూర్మారావు గారు నాతో ఏడాది మాట్లాడలేదు. మాట్లాడిన మొదటి మాట కూడా నాకు గుర్తుంది. "గేటు నిలబడింది, సూసినావా?" అన్నారు.

ఇదీ దాని కథ. సన్నీ వెళ్ళాక ఆ పాత కాగితం తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, బోర్డు చదివినట్టు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. హద్దులు, దావు పేరు, నా పేరు. ఆ తరువాత ఒక వాక్యం. ఈ బాంధ్ వల్ల ఎవరి ప్రాణానికి, పంటకి నష్టం కలిగినా మాలకిన్ ఒక్కతే జిమ్మేదార్, పూచీ అంతా ఆమెదే, మరెవరికీ సంబంధం లేదు, అని. 'అకేలీ', అంటే ఒక్కతే, అన్న మాట కింద గీత కూడా గీశారు. దాని కింద పన్నెండుమంది సాక్షి సంతకాలు. అందరివీ ముచ్చటైన సంతకాలు. నాలుగోది మావది.

అంటే అక్కడ దావు మంచం దగ్గర, నా వేలు పట్టుకుని అద్దినప్పుడు, వాళ్ళందరికీ ఆ గీత గీసిన మాట కనబడుతూనే ఉంది. మావకి హిందీ చదవడం వచ్చా, మాట్లాడడమే వచ్చా? ఎంత గుర్తు చేసుకున్నా తేలలేదు. అడుగుదామంటే మనిషి లేడు. ఆ రోజు ఆయన ఫొటోకి అగరొత్తి వెలిగించలేదు. మర్నాడు వెలిగించాను. వానలో తవ్విన చేతులు కూడా అవే కదా.

వారం తిరక్కుండా సన్నీ వచ్చాడు. "సంతకం తరవాత. ముందు సూపించు," అన్నాను. కారులో తీసుకెళ్ళాడు. చరోదా దాటాక నేను పోల్చుకోలేకపోయాను. అప్పటి నాలుగు గుడిసెల చోట ఇప్పుడు పెంకుటిళ్ళు, మేడలు, ఒక చిన్న బడి. పిల్లలు ప్రహరీ మీంచి మమ్మల్ని చూస్తున్నారు. సుక్వారో బాయి ఎప్పుడో పోయిందట. ఆ నాలా ఇప్పటికీ నేను తవ్విన సందులోంచే పారుతోంది. గేటు ఉంది! తుప్పు పట్టి, తీగలు పాకి, అటూ ఇటూ ఏ గోడా లేకుండా, బీడు మధ్యలో తాళం వేసుకుని ఒంటరిగా నిలబడి ఉంది. సన్నీ ఏదో ఆలోచిస్తూ బండి తాళంచెవితో దాన్ని రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి విన్నాడు. "సాలిడ్ మాల్ హై," అన్నాడు.

"మామ్మా, అబ్ సేఫ్టీ ఫస్ట్. లైఫ్ జాకెట్లు, కెమెరాలు, ఫోన్‌లో అలారమ్. గేటు రిమోట్‌తో ఖులేగా."

"కరెంటు పోతే?"

"జనరేటర్."

"అది తిప్పేవోడు సమోసాలకి ఎల్తే?"

వాడికి అర్థం కాలేదు. మాకు రిజిస్టర్లో భద్రత ఉండేది, వీళ్ళకి ఫోన్లో ఉంది. వానలో గట్టు మీద నడిచి చూసేవాడు మాకూ లేడు, వీళ్ళకీ లేడు. పిల్లాడు మంచివాడే. మా వాళ్ళూ మంచివాళ్ళే. మంచివాళ్ళు పన్నెండుమంది కలిసి ఒక గీత గీయగలరని ఆ వయసులో నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు, అదొక్కటే తేడా. వాడు తెచ్చిన కొత్త కాగితం అక్కడే తీసి, మాలకిన్ జిమ్మేదార్ అన్న వాక్యం వేలు పెట్టి చూపించాను. పాతదాంట్లోంచి అలాగే ఎక్కించారు, గీతతో సహా.

"ఇందులో ఈతకొట్టే పతీ ఒక్కడి పేరూ రాయి. నాది మొదట రాయి, భయం లేదు. కానీ 'అకేలీ' తీసీ. మరొకటి, నీలకి దారి పెట్టందే ఏలూ ఎయ్యను, సంతకమూ ఎయ్యను. ఆ బడి కనబడతందా?"

"మామ్మా, దోస్తులు ఒప్పుకోరు," అన్నాడు, తల గోక్కుంటూ.

"అయితే బకెట్టుతో తానం సెయ్యమను."

నెల్లాళ్ళు పత్తా లేడు. పోనీలే, బడి పిల్లలు బతికారు అనుకున్నాను. మొన్న శుక్రవారం వచ్చాడు, కాగితాల కట్టతో, కాస్త చిక్కి. పన్నెండుమంది దోస్తుల్లో అయిదుగురు పేరు రాయమనగానే తప్పుకున్నారట. ఏడుగురు మిగిలారు. మా కాలం కంటే నయం, మాకు ఒక్కడూ మిగల్లేదు. సర్కారు ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చి నేల కొలిచి, గట్టు ఎలా వెయ్యాలో, నిండిన నీళ్ళు ఎటు పోవాలో గీసిచ్చాడని నక్షా మంచం మీద పరిచాడు. అలుగు ఎక్కడ పెట్టాడో వేలితో వెతుక్కున్నాను. గట్టు చివర, ఎర్రరాతి మిట్టకి ఆనుకుని, బీడు వైపు వంపుగా. పక్కన చిన్న అక్షరాలతో హిందీలో, 'పురానా కటావ్' అని రాసుంది. పాత కోత, అని.

"ఇంజనీర్ బోలా మామ్మా, ఇక్కడ పానీ తనే రాస్తా చేసుకుంది, ఇదే బెస్ట్ జగా అని."

"పానీ సేసుకుందా? తవ్వింది నానూ, మీ తాత స్నేహితుడూ, సుక్వారో బాయీ. రాయమను."

"నక్షా మీద పేర్లు రాయరు మామ్మా."

"అవును. ఎక్కడ రాయాలో అక్కడే రాస్తారు," అని ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటే చదివాను. వాడు ఓపికగా కూర్చున్నాడు. 'అకేలీ' ఎక్కడా లేదు. పైన మొదటి పేరు నాది. కలం తీసుకుని తెలుగులో, వంకరగానే అయినా దీర్ఘాలు ఒత్తులు తప్పకుండా, నా పేరు, మా నాన్న ఇంటిపేరు, మావ ఇంటిపేరు, మూడూ రాశాను. పట్టినంత జాగా పట్టింది. సన్నీ కాగితం ఊదుతూ ఆరబెడుతున్నాడు. నేను అలవాటుగా ఎడమ బొటనవేలు తలకి రాసుకున్నాను. దానికి సిరా ఏమీ అంటలేదు.